సముద్రం కింద తీగ

మంగళవారం పొద్దున మోడెమ్ మీద ఎర్ర దీపం.
ఆకుపచ్చవి మూడూ ఆరిపోయి
అదొక్కటే, పంటి నొప్పిలా.

కంపెనీకి ఫోన్ చేస్తే నలభై నిమిషాల సంగీతం,
ఆ తర్వాత ఒక అమ్మాయి:
"గురువారం ఆంటీ, నాలుగింటి తర్వాత, వాన లేకపోతే."
ఆ పిల్లది కౌలాలంపూర్ అయ్యుండాలి.
తైపింగ్‌లో నాలుగింటికి వాన లేకపోవడమా!
మా తాతలు దాని మీదే పందేలు కాసేవాళ్లు.

సరే, పనులు ఆగవు కదా.
కరెంటు బిల్లుకి పోస్టాఫీసు.
ఫోన్లో కట్టడం అలవాటయ్యాక మరిచిపోయిన క్యూ అది.
నా టోకెన్ నాలుగు వందల పన్నెండు.
నాలుగు వందల పదకొండో ఆయన
పింఛను సంగతి వదిలేసి
కౌంటరమ్మాయికి తన మోకాలి కథ చెబుతున్నాడు.
స్కూటర్‌కి రోడ్డు టాక్సు. గ్యాసు కుర్రాడికి చీటీ.
బజార్లో టోఫూ రెండు ముక్కలు, చేప తల సగం.
చేపలావిడ ఎప్పట్లాగే మొత్తం తల తూచింది,
నా మొహం చూసి
మళ్లీ కత్తి తీసింది.

మధ్యాహ్నం కాఫీ కొట్లో, ఫ్యాను కింద బల్ల.
ఒక ప్లేటు చార్ క్వే తియావ్, గుల్లలు వేసి, కారం ఎక్కువ.
"కోపీ-ఓ రెండేగా?" అన్నాడు ముసలి ఆ కియావ్.
అని, నాలుక కరుచుకున్నాడు.
"రెండే తే" అన్నాను.
రెండూ తాగాను. రాత్రంతా నిద్ర లేదు.

బుధవారం సాయంత్రం గుమ్మంలో మక్చిక్ జలీహా,
చేతిలో మూత పెట్టిన గిన్నె. కోడి రెండాంగ్.
వాన గురించి మాట్లాడింది, పిల్లి ఈనడం గురించి మాట్లాడింది,
చెప్పులు తొడుక్కుంటూ, నేల చూస్తూ,
"మీ... లైను బాగానే ఉందా?"

గోడకు చెవులుంటాయంటారు.
మా గోడకు కన్నం కూడా ఉందన్నమాట.
ఎనిమిదేళ్లుగా ఆవిడ కొరియా సీరియళ్లన్నీ
అందులోంచే పారుతున్నాయి.

గంట తిరక్కుండా ఎదురు మేడ మీద గదిలోంచి షహాదత్,
కనుబొమల మీద ఫ్యాక్టరీ రంపపు పొట్టు.
"కుష్టియాలో మా పాప బడికి పోయే ముందు
నన్నోసారి చూసుకుంటుంది ఆంటీ. రెండ్రోజులైంది."
ఆ వెనకే లాండ్రీ కలైవాణి,
ట్యూషన్ పోయిన కొడుకుని జబ్బ పట్టుకుని,
దొంగని పట్టిచ్చినట్టు.

ఎవరిచ్చారని అడిగాను ముగ్గురినీ.
ముగ్గురూ ఒకే పేరు చెప్పారు, మర్యాదగా,
ఉన్న మనిషి పేరు చెప్పినట్టు.

కిమ్ హోక్. నా మొగుడు.
ఐదు సెన్ల చిల్లర తక్కువొస్తే
ఎండలో మళ్లీ కొట్టు దాకా నడిచే మనిషి.
నెలకి నూట ఇరవై తొమ్మిది రింగిట్ల లైను
వీధంతా పంచిపెట్టి
నా చెవిన మాత్రం వేయలేదు.
నెట్టు నత్తలా పాకుతోందని నేనంటే
"సముద్రం కింద తీగ తెగిందట" అనేవాడు,
పేపరు తిప్పుతూ, తల ఎత్తకుండా.

గురువారం, నాలుగున్నర. వానలోనే వచ్చాడు రిద్జువాన్,
నిచ్చెన భుజాన, హెల్మెట్ తీయకుండా.
బయటి పెట్టెలో చీమలు కాపురం పెట్టాయట.
దులిపి, అతికించి, లోపలికొచ్చి, చేతులు తుడుచుకుని
"పాస్‌వర్డ్ మార్చేయమంటారా ఆంటీ?
చాలామంది వాడుతున్నారు. పద్నాలుగు ఫోన్లున్నాయి ఇక్కడ."

పద్నాలుగు.
నాదొకటి, ఆ ముగ్గురివీ మూడు.
కిటికీలోంచి చూశాను.
వానలో ఇళ్లన్నీ ఏమీ ఎరగనట్టు నిలబడి ఉన్నాయి.

ఎర్ర దీపం ఆరింది. ఆకుపచ్చది ఒకటి. రెండు.
మూడోది వెలిగేసరికి
రిద్జువాన్ జేబులో ఫోన్ టింగుమంది,
దానంతటదే, తెలిసినింటికి వచ్చినట్టు.

అతని చెవులు కందిపోయాయి.
"అది... రెండేళ్ల కింద రూటర్ మార్చడానికొచ్చినప్పుడు...
అంకులే..."

"ముందు ఆ తడి చొక్కా ఫ్యాను కింద ఆరేయి" అన్నాను,
"అన్నం పెడతాను. రెండాంగ్ ఉంది.
జలీహా వండింది, హలాలే."